మూలవాగు నుంచి రాళ్లవాగు దాకా: బస్సుల్లేని రోజుల్లో బతుకమ్మ

ఎనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను, ఎనిమిదేళ్లుగా బతుకమ్మను చూస్తున్నాను. చూడటమంటే మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, స్పీకర్లో పాట పెట్టి, గుడిమల్కాపూర్ మార్కెట్లో కేజీల లెక్కన కొన్న పూలతో పేర్చిన బతుకమ్మను. మాది ఒంగోలు వైపు. మా ఇళ్లల్లో ఈ పండగ లేదు కాబట్టి బతుకమ్మంటే అంతే అనుకున్నాను. నేను ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పని చేస్తాను. పక్క వార్డులో నర్సు సుజాత. పోయినేడు మా సెల్లార్ ఫోటోలు చూపిస్తే మర్యాదగా అన్నీ చూసి, "పాట ఎవలు చెప్పిన్రు?" అని అడిగింది. స్పీకర్లో పెట్టామన్నాను. "మరి పలికిందెవలు?" అంది. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. బతుకమ్మంటే ఒకరు పాట చెప్పడం, చుట్టూ తిరిగేవాళ్లందరూ పలకడం, పూలు ఆ తర్వాతి సంగతని ఆమె నాకు పాఠం చెప్పింది. ఈ ఏడు తొమ్మిది రోజుల్లో ఎప్పుడైనా సరే వేములవాడ దగ్గర వాళ్లమ్మ వాళ్ల ఊరికి వెళ్లమని, వాళ్లక్క కూడా వస్తుందని ఆజ్ఞ వేసింది. తనకు సెలవు దొరకలేదు. నాకు దొరికింది.

దొరకనిది బస్సు. మీలో చాలామందికి తెలుసు, తెలంగాణ కోసం ఆఫీసులు, బడులు, బొగ్గుగనులు, బస్సులు అన్నీ సమ్మెలో ఉన్నాయి. నేనిది రాస్తున్నప్పటికి కూడా బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. ఈ సమయంలో నీ మాట యాసతో నువ్వక్కడికి వెళ్లడమేమిటని మా అన్నయ్య ఫోన్లో కేకలేశాడు. సద్దుల బతుకమ్మ అంటే తొమ్మిదో రోజు, పెద్ద పండగ. ఎనిమిదో రోజు సాయంత్రానికి చేరితే మరుసటి రోజు హాయిగా చూడొచ్చని లెక్క వేసుకుని బయల్దేరాను. జూబ్లీ బస్ స్టేషన్ బయట ప్రైవేటు బండ్లు దొరుకుతున్నాయి. సిరిసిల్లకు మనిషికి మూడు వందలు తీసుకున్నారు, ఏడుగురు పట్టే బండిలో పన్నెండు మందిమి ఎక్కాం. మధ్యలో రెండు చోట్ల రోడ్డు మీద జనం కూర్చుని ఉంటే ఆగుతూ, ఐదు గంటల ప్రయాణం.

సిరిసిల్లలో దిగేసరికి సాయంత్రం నాలుగు. మరమగ్గాల ఊరు కదా, గల్లీ గల్లీ టకటకలాడుతుందని విన్నాను. నేను వెళ్లినప్పుడు చప్పుడే లేదు. బొగ్గు రాక కరెంటు కోత, కోతకు తోడు పండగ. మగ్గాల షెడ్ల ముందు మనుషులు తీరిగ్గా కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఒకాయన షెడ్డు లోపలికి రానిచ్చి, ఆగిన మగ్గం మీద సగం నేసిన బట్ట చూపించాడు. పండగకని ఒక పసుపు నూలుచీర కొనుక్కున్నాను, రెండొందల ఎనభై. అక్కణ్ణించి వేములవాడ వైపు షేర్ ఆటో ఎక్కి సుజాత వాళ్ల ఊరి దగ్గర దిగాను, పది రూపాయలు. ఊళ్లోకి నడుస్తుంటే గల్లీలో వాడిపోయిన తంగేడు రేకులు చెదిరి ఉన్నాయి. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

సుజాత వాళ్లమ్మ ఎల్లవ్వ ఇంటి ముందు కూర్చుని నువ్వులు చెరుగుతోంది. నేనెవరో చెప్పగానే లేచి నా చెయ్యి పట్టుకుని, "అయ్యో బిడ్డా, మా సద్దులు నిన్ననే అయిపాయె" అంది. వేములవాడలో, దాని చుట్టుపక్కల ఊళ్లల్లో సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజు కాదు, ఏడో రోజే. ఈ సంగతి సుజాత నాకు చెప్పలేదు. తరవాత ఫోన్లో నిలదీస్తే, అది కూడా చెప్పాలా, అందరికీ తెలిసిందే కదా అంది. మూడు వందలు పెట్టి, పన్నెండు మంది మధ్య మోకాళ్లు విరిగేలా కూర్చుని వచ్చి, అయిపోయిన పెళ్లికి బాజా వాయించినట్టయింది నా పని. నా మొహం చూసి ఎల్లవ్వకు జాలేసినట్టుంది, టీ పెట్టి ఇచ్చి కారణం చెప్పింది. పెళ్లయిన ఆడపిల్లలు రెండు వైపులా ఆడుకోవాలి కదా. ఏడో రోజు తల్లిగారింట్లో ఆడితే, తొమ్మిదో రోజుకు అత్తగారింటికి చేరి అక్కడా ఆడొచ్చు. పంచాంగాన్ని కూతుళ్ల కోసం రెండు రోజులు ముందుకు జరుపుకున్న ఊళ్లు ఇవి. కోపంలో ఉన్నా ఆ ఏర్పాటు నాకు భలే నచ్చింది.

ఎల్లవ్వ ఆదివారాలు చర్చికి వెళ్తుంది. గోడ మీద శిలువ పటం, దాని కింద మూలన గునుగు పూలు ముంచిన రంగు డబ్బాలు. ఇది చూసి నేను ఏమీ అడగకముందే ఆవిడే, "ఆదివారం చర్చి, గీ తొమ్మిది దినాలు పూలు. పూలను ఎవలు కాదంటరు బిడ్డా?" అని నువ్వులు వేయించడానికి లేచింది. ఆ నువ్వులు పెద్దకూతురు లచ్చవ్వకు కట్టిచ్చే సత్తుపిండి కోసం. లచ్చవ్వ ఏడో రోజు తల్లి దగ్గర ఆడుకుని, తొమ్మిదో రోజు పొద్దున అత్తగారి ఊరికి ప్రయాణం పెట్టుకుంది. బీర్పూర్ దాటాక గోదావరికి ఇవతల గుట్టల నడుమ లోయలో ఉంటుందట ఆ ఊరు. నువ్వు కూడా దానితో పో, సద్దులు అక్కడ చూడు, అని ఎల్లవ్వ తీర్మానించేసింది. లచ్చవ్వ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, నడవగలవా అని ఒక్కటే అడిగింది.

ఆమెకు నలభై ఏళ్లుంటాయి. వరినాట్లకు, పసుపు తవ్వడానికి కూలికి పోతుంది. మాట తక్కువ. ఆ సాయంత్రం సత్తుపిండి ఉండల్ని డబ్బాకెత్తుతూ అసలు సంగతి చెప్పింది. వాళ్ల అత్తగారి ఊళ్లో బతుకమ్మ ఎప్పుడూ రెండు చోట్ల ఆడతారు. గడి ముందు ఊరు, ఊరి చివర దళితవాడ. గడి అంటే పాత దొరల ఇల్లు. ఆ కుటుంబం ఇప్పుడు పసుపు పండిస్తుంది, జగిత్యాలలో ఎరువుల వ్యాపారం చేస్తుంది. ఈ ఏడు ఉద్యమ కమిటీ పిల్లలు ఊరంతా ఒకేచోట, రోడ్డు మీద, ఒకే వలయంలో ఆడాలని నిర్ణయించారు. అందరూ సరేనన్నారు. పాట ఎవరు చెప్పాలనే మాట వచ్చింది. గడి ముందు పాట చెప్పే ముసలామె పోయి ఏడాదైంది. ఉద్యమ పాటల ధూంధాం సభలో లచ్చవ్వ పాడిన పాటకు రెండు మండలాల జనం చప్పట్లు కొట్టారు కాబట్టి, కమిటీ పిల్లలు ఆమె పేరు చెప్పారు. అప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు.

"స్టేజి మీద పాడితె సప్పట్లు కొడ్తరు, ఇంటికి పోతరు. గీడ గట్ల గాదు చెల్లె, పలుకాలె. మా వాడోళ్లు పలుకుతరు. గడి దొరసాని పలుకుతదా? ఆమె నోరు తెర్వకుంటె ఆమె ఎనుక ఉన్నోళ్లు తెర్వరు. నేనొక్కదాన్నే నడిమిట్ల అరుసుడైతది" అంది. వెళ్లకపోతే ఏమవుతుందని అడిగాను. తను లేకుండా వాడ ఆడవాళ్లు రోడ్డు మీదికి అడుగు పెట్టరని, మళ్లీ మూలన తమ చోట తామే ఆడుకుంటారని, ఇంకెప్పుడూ ఎవరూ పిలవరని చెప్పింది. అదీ విషయం. పొద్దుగూకే లోపల చేరాలి, చేరాక పలికించాలి.

పొద్దున ఆరున్నరకు బయల్దేరాం. వేములవాడ దాకా షేర్ ఆటో. అక్కణ్ణించి జగిత్యాలకు నేరుగా వెళ్లే బండి ఒక్కటీ లేదు. సిరిసిల్ల బట్ట తాన్లు వేసుకుని కోరుట్ల దుకాణాలకు వెళ్తున్న ఒక ట్రాలీ ఆటో దొరికింది. డ్రైవర్ సత్తయ్య మమ్మల్ని ముందు సీటులో ఇరికించాడు, మనిషికి నలభై. లచ్చవ్వ సత్తుపిండి డబ్బాను ఒళ్లోంచి దింపలేదు. చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా దారి. ఈ ప్రయాణంలో మీరు కళ్లు తెరుచుకుని కూర్చోవలసిన ముక్క ఇదే. రుద్రంగి దగ్గర గుట్టలు రోడ్డుకు దగ్గరగా వస్తాయి. వాటి మొదళ్ల నిండా తంగేడు. కోసుకుపోయినవాళ్లు కోసుకుపోగా ఇంకా మిగిలి పచ్చగా ఉంది. చేలగట్ల మీద గునుగు తెల్లగా నిలబడి ఉంది. మార్కెట్లో కేజీ లెక్కన నేను కొన్న పూలు ఇక్కడ ఎవరివీ కావు. నడిచి వెళ్లి కోసుకోవడమే.

సత్తయ్య కాసేపు నా మాట విని, "మీది ఆంధ్ర దిక్కు గావచ్చు గదా మేడం" అన్నాడు. అవునన్నాను. లోపల మా అన్నయ్య కేకలు గుర్తొచ్చాయి. భయం వేయలేదా ఈ రోజుల్లో రావడానికి అని అడిగాడు. వేయాలా అని ఎదురడిగాను. ఆయన తాపీగా గేరు మార్చి, "భయమేంది. ఆకలైతది. తొవ్వల హోటళ్లన్నీ బంద్, గంతే" అన్నాడు. లచ్చవ్వ ఆ రోజు మొదటిసారి నవ్వింది. తరవాత నాకు ఒక మాట నేర్పింది, వలయంలో నిలబడ్డాక ఉయ్యాలో అనడం. పాట రాకపోయినా సరే, చివర ఆ ఒక్క మాట పలికితే చాలట. ట్రాలీలో ఇరవై కిలోమీటర్లు నేను ఉయ్యాలో అంటూనే ఉన్నాను. సత్తయ్య కూడా అన్నాడు.

ఆకలి విషయంలో మాత్రం ఆయన మాట తప్పైంది. పదింటికి కోరుట్ల పొలిమేరకు చేరేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెలు. వంటా-వార్పు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, బండ్లు ఆపే నిరసన. ముందుకు వెళ్లడానికి లేదు, పక్కనుంచి పోవడానికి లేదు. ఎప్పుడు వదులుతారని ఒక వంటాయన్ని అడిగితే, అన్నం ఉడికి, మీరు తిన్నాకే అన్నాడు. లచ్చవ్వ ముఖం పాలిపోయింది. కూర్చుంటే ఆమెకు ఇంకా దిగులవుతుందని నేనే లాక్కెళ్లి వంకాయల దగ్గర కూర్చోబెట్టాను. ఇద్దరం ఒక గంప వంకాయలు కోశాం. నా పేరు, మాది ఎక్కడో తెలిశాక అక్కడి ఆడవాళ్లు నన్ను అతిథిని చేసి విస్తరి ముందే వేశారు. అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు. ఇన్నేళ్లలో ఏ రోడ్డు పక్క హోటల్లోనూ నేనింత బాగా తినలేదు, డబ్బు తీసుకోమంటే నవ్వారు.

నా పక్కన కూర్చుని తిన్న ఒక ముసలాయన, కోరుట్లకు వచ్చి కాగితం చూడకుండా పోతావా అన్నాడు. ఒకప్పుడు ఇక్కడ చేతితో కాగితం చేసేవారు. నార, పాత గుడ్డలు నానబెట్టి, దంచి, ఆ గుజ్జును నీళ్లతొట్టిలో చాపతో తేల్చి, గోడకు అతికి ఆరబెట్టేవారట. నైజాం కచేరీల్లో రాతకోతలన్నీ ఆ కాగితం మీదే అని గొప్పగా చెప్పాడు. వాళ్ల ఇల్లు నాలుగడుగుల దూరమే. వెళ్లి ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక్క కాగితం తీసి చూపించాడు. తాత చేసిందట. మందంగా, గోధుమ రంగులో, పట్టుకుంటే బట్టలాగా ఉంది. దాని మీద ఏమీ రాయలేదెందుకని అడిగితే, రాయడానికి తగిన మాట ఇంకా దొరకలేదన్నాడు. నాకు అక్కడే ఉండిపోవాలనిపించింది. ఇంతలో లచ్చవ్వ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. దారి వదిలారు, ఒంటిగంటన్నర అయింది.

కోరుట్ల నుంచి జగిత్యాల పాతిక కిలోమీటర్లు, ఒక జీపులో ముప్పై రూపాయలు. మూడు కావస్తుండగా దిగాం. కోట చూడాలని నేను ఇంటి దగ్గరే రాసుకొచ్చాను. నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో ఉండే కోట అది. జీపు దిగిన చోటు నుంచి దాని గోడ కనబడింది కూడా. చూద్దామా అని అడగడానికి నాకే సిగ్గేసింది. మీరు వెళ్తే తప్పక చూడండి, నేను గోడ మాత్రం చూశానని రాసుకుంటున్నాను. బీర్పూర్ వైపు ఆటోవాళ్లందరూ పండగకు ఇళ్లకు పోయారు. అరగంట నిలబడితే ఒకడు దొరికాడు, వాడూ సగం దారిలో వాళ్ల చెల్లెలి కోసం బంతిపూలు కొనడానికి ఆగాడు. ఆ ఆగిన ఐదు నిమిషాల్లో లచ్చవ్వ సత్తుపిండి డబ్బా మూత మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టింది. నాలుగున్నరకు బీర్పూర్. అక్కణ్ణించి నాలుగు కిలోమీటర్లు ఇసుక దింపి వస్తున్న ఖాళీ ట్రాక్టర్ ట్రాలీలో నిలబడి వెళ్లాం. రెండు వైపులా గుట్టలు, మధ్యలో వరి, పసుపు చేలు, వాటిని కోసుకుంటూ సన్నగా రాళ్లవాగు. ఐదుంబావుకు ఊళ్లో దిగాం. పొద్దు ఇంకా గుట్ట మీద ఉంది.

దళితవాడలో ఆడవాళ్లందరూ కట్టుకుని, పూసుకుని, అరుగుల మీద కూర్చుని ఉన్నారు. బతుకమ్మలు ఐదు సిద్ధంగా ఉన్నాయి. పెద్దది నా నడుము ఎత్తు ఉంది. తంగేడు ఒక వరస, ఎర్రరంగు అద్దిన గునుగు ఒక వరస, కట్లపూలు, బంతి, పైన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మ. లచ్చవ్వ ఆడబిడ్డ పేర్చిందట. అంత అందంగా పేర్చి, పొద్దున్నించి ఎవరూ దాన్ని గడప దాటించలేదు. లచ్చవ్వను చూడగానే అందరూ ఒక్కసారి లేచారు. ఆమె చీర మార్చుకోలేదు. ముఖం కడుక్కుని, ఆడబిడ్డ అందించిన బతుకమ్మను నెత్తికెత్తుకుని ముందు నడిచింది. నేను నా పసుపుచీర సంచిలోంచి తీయనేలేదు.

రోజుకు నాలుగు ట్రాక్టర్లు పోయే ఆ రోడ్డును కమిటీ పిల్లలు ఎంతో గంభీరంగా రాళ్లు పెట్టి బంద్ చేశారు. ఊరి బతుకమ్మలు ముందే దింపి ఉన్నాయి. వాడ బతుకమ్మలు వాటి పక్కన దింపారు. పక్కన అంటే, మధ్యలో ఒక మనిషి నడిచేంత సందు. ఎవరూ కావాలని వదిలినట్టు లేదు, ఎవరూ పూడ్చే ప్రయత్నం చేసినట్టూ లేదు. గడి దొరసాని నాకు ఎదురుగా ఉంది. డెబ్బై దాటిన మనిషి, చిన్న జరీ అంచు చీర, వెనకాల కోడళ్లు, పాలేరు ఇళ్ల ఆడవాళ్లు. వచ్చింది, నిలబడింది, వలయంలో కలిసింది కూడా. ఆమె పెదాలు మాత్రం బిగించి ఉన్నాయి.

లచ్చవ్వ మొదలుపెట్టింది. సుజాత చెప్పింది నాకు అప్పుడు అర్థమైంది. పాట చెప్పడం, పాడటం వేరువేరు. ఆమె ఒక ముక్క అని ఆగుతుంది, ఆ ఖాళీని మిగతావాళ్లు నింపాలి. వాడ ఆడవాళ్లు గట్టిగా పలికారు. నేనూ పలికాను. అటు గడికీ ఇటు వాడకూ చెందని మధ్యవాళ్లు కాసేపు చూసి, తలలు వంచుకుని సన్నగా కలిశారు. దొరసాని చప్పట్లు తప్పకుండా కొడుతోంది, అడుగు తప్పకుండా వేస్తోంది, నోరు తెరవడం లేదు. ఆమె వెనక ఉన్నవాళ్లూ అంతే. వలయం ఒకవైపు పలుకుతూ, ఒకవైపు మౌనంగా రెండు చుట్లు, మూడు చుట్లు తిరిగింది. మౌనంగా ఉన్న వైపు ఎదురుగా వచ్చినప్పుడల్లా లచ్చవ్వ గొంతు సన్నబడుతోంది. అది వినలేక నేను ఉయ్యాలో అని ఇంకా గట్టిగా అన్నాను. ఊరికి అక్కరలేని దాన్ని నేను, నాకే అలా ఉంటే ఆమెకెలా ఉందో.

పొద్దు గుట్ట కిందికి దిగింది. బతుకమ్మను సాగనంపే పాట అందుకోవాలి. అందులో ఊరి నీళ్లను పేరుపెట్టి పిలుస్తారు. లచ్చవ్వ కళ్లు మూసుకుని అందుకుంది:

"మూలవాగు ఇసుకల్ల ఉయ్యాలో
ముగ్గేసి పంపితిమి ఉయ్యాలో"

ఎవరూ పలకలేదు. వాడ ఆడవాళ్లు కూడా పలకలేదు. చప్పట్లు ఆగిపోయాయి. మూలవాగు ఎక్కడో వేములవాడ దగ్గర, ఆమె తల్లిగారి వాగు. రెండు రోజుల కిందట అక్కడ పాడిన పాట, భయంలో ఉన్న నోట్లోంచి అలాగే వచ్చేసింది. రెండుచోట్ల సద్దులాడే కోడళ్లకు తప్ప ఇంకెవరికీ రాని తప్పు. పరాయి ఊరి వాగుకు ఈ ఊరి బతుకమ్మను పంపితే ఎవరు మాత్రం ఎలా పలుకుతారు? లచ్చవ్వ కళ్లు తెరిచింది. తనేమన్నదో అప్పుడు తెలిసింది. పొద్దున్నించి ఆమె భయపడ్డది సరిగ్గా ఇదే, వలయం మధ్యలో ఒక్కతే మిగలడం. 

"మూలవాగేంది బిడ్డా. రాళ్లవాగు. మన వాగు పేరు చెప్పు."

అన్నది దొరసాని. తిట్టినట్టు లేదు, ముద్దు చేసినట్టూ లేదు. కూర పాడుచేస్తున్న కోడలికి ఉప్పు ఎంతో చెప్పినట్టుంది. లచ్చవ్వ ఆడబిడ్డ వైపు చూసింది. ఆగలేక దొరసానే అందుకుంది:

"రాళ్లవాగు ఇసుకల్ల ఉయ్యాలో"

వణికే గొంతు, అయినా శ్రుతి తప్పలేదు. అందరికంటే ముందు పలికింది లచ్చవ్వ. ఆమె వెనక మేం, ఆ వెనక కోడళ్లు, పాలేరు ఇళ్లవాళ్లు, అందరం. ఎవరో మూలవాగు అని కిసుక్కున నవ్వారు, లచ్చవ్వ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తరవాతి ముక్క లచ్చవ్వ చెప్పింది, దొరసాని పలికింది. ఆ పెద్దావిడ పలక్కుండా గంటసేపు ఉండగలిగింది. ఊరి వాగు పేరు తప్పుగా వినపడితే మాత్రం ఉండలేకపోయింది. నాకు ఆ క్షణంలో ఆమె మీద కోపం పోయి ఇష్టం కలిగింది. దాచుకోవడమెందుకు, ఏడ్చాను కూడా.

వాగు అక్కడికి పది నిమిషాల నడక. మోకాలి లోతు నీళ్లలో బతుకమ్మలను వదిలారు, ఒకదాని వెనక ఒకటి వెళ్లాయి. ఒడ్డున సద్దులు, అంటే ఇళ్ల నుంచి తెచ్చిన పిండివంటలు, పంచుకున్నారు. లచ్చవ్వ రోజంతా ఒళ్లో మోసిన డబ్బా మూత అప్పుడు తీసింది. వాడ వాళ్లకు, నాకు, మధ్యవాళ్లకు పెట్టుకుంటూ వచ్చి దొరసాని ముందు ఆగింది. ఇవ్వాలా వద్దా అని చెయ్యి గాల్లో నిలిచింది. దొరసాని తన కొంగు చాచి పట్టింది. లచ్చవ్వ రెండు ఉండలు వేసింది. దొరసాని వాటిని ముడి వేసుకుని, "మీ అవ్వ చేసిందా?" అని అడిగింది. అవునంది లచ్చవ్వ. ఇంటికి వెళ్లాక ఆవిడ తిందో లేదో నాకు తెలియదు. తీసుకుంది, అది నా కళ్లతో చూశాను.

ఆ రాత్రి లచ్చవ్వ ఇంట్లోనే పడుకుని, మర్నాడు జగిత్యాల మీదుగా తిరిగి వచ్చాను. ఈ ప్రయాణంలో నేను చూడాలని రాసుకున్నవి సగం చూడలేదు. ఏడో రోజు పోయింది, కోట పోయింది, మగ్గం ఆడగా వినలేదు. అయినా ఏమీ పోగొట్టుకున్నట్టు లేదు. ఒక్క సాయంత్రం పాటతో ఊరు మారిపోయిందని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. బతుకమ్మల మధ్య వదిలిన ఆ సందు వచ్చే ఏడు ఎంత ఉంటుందో చూడాలి. లచ్చవ్వ మాత్రం వచ్చే ఏడు కూడా పాట తనే చెప్పాలని కబురొచ్చిందని నిన్న ఫోన్లో చెప్పింది. కబురు కమిటీ పిల్లల దగ్గరినుంచి కాదు, గడి నుంచి. ఈసారి ఏ వాగు అని నేను అడిగితే ఫోన్ పెట్టేసింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. ఏడో రోజు మధ్యాహ్నానికి వేములవాడ చుట్టుపక్కల ఏదైనా ఊరికి చేరండి, సద్దులు చూసి మర్నాడు కదలండి, తొమ్మిదో రోజుకు జగిత్యాల వైపు ఉండండి. ఒకే ప్రయాణంలో రెండు పండగలు దొరుకుతాయి. బస్సులు తిరిగితే ఈ దారంతా ఒక్క పూటే. కెమెరా ఉంటే తీసుకెళ్లండి, కానీ ఎవరైనా వలయంలోకి పిలిస్తే దాన్ని పక్కన పెట్టేయండి. అక్కడ నిలబడ్డాక, మీది ఏ ఊరైనా సరే, నోరు తెరిచి పలకండి.